వడగళ్ళు పడతాయన్నందుకు

వడగళ్ళు పడతాయన్నందుకు అశోక్‌నగర్‌లో ఒక పెళ్ళింట నన్ను అపశకునం మనిషన్నారు.

తొంభైల నాటి మాట. చిక్కడపల్లి లైబ్రరీలో చదివి వాతావరణ శాస్త్రం నేర్చుకున్నవాణ్ణి. ఆ పొద్దున పేపర్లో ఉపగ్రహం తీసిన మబ్బుల ఫోటో చూడగానే మా వీధిలోనే ఉన్న ఆ పెళ్ళింటికి వెళ్ళి, మేడ మీది విందు కిందికి మార్చమన్నాను. బయట ఎండ కాస్తోంది.

"శుభమా అని పెండ్లి చేస్తుంటే ఏంది తాతా నీ లొల్లి?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి యాదగిరి.

"మబ్బుకు నీ ముహూర్తం తెల్వదు. పిల్లలనన్న కింద కూసోబెట్టు" అని గుమ్మంలోనే నిలబడ్డాను.

నన్ను వదిలించుకోవడానికే పిల్లలను దించాడు. పెద్దల పంక్తి లేవకముందే షామియానా చిరిగి, విస్తళ్ళలో నిమ్మకాయలంత వడగళ్ళు పడ్డాయి. పిల్లలకు ఏమీ కాలేదు. అయినా యాదగిరి నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు తనే మా ఇంటికొచ్చాడు.

"చిన్నపిల్ల పెండ్లి పెట్టుకున్నం పెద్దసారూ. జర మబ్బు చూసి చెప్పుర్రి."