వీసీ సారు చదివిన నా వాక్యం

మొన్న డిసెంబరు చివర్లో, నేను రిటైరైన యూనివర్సిటీ నుంచి ఫోన్‌కి ఒక సందేశం వచ్చింది. ఇప్పటి వైస్‌ఛాన్సలర్ గారు క్యాంపస్‌లో అందరికీ రాసిన సంవత్సరాంతపు ఉత్తరం. గడిచిన ఏడాది మనకు ఎంతో నేర్పింది, మనమంతా ఒకే కుటుంబం... ఇలా సాగింది. చదువుతూ చదువుతూ నవ్వేశాను. ఆ కుటుంబం వాక్యం నాది. తొంభైల్లో నేను రాసిందే, కామా కూడా కదలకుండా అక్కడే ఉంది. పాపం, దానికి రిటైర్మెంటు లేదు.

అప్పట్లో నేను చరిత్ర లెక్చరర్ని. మా క్యాంపస్ కన్నడసీమలో, ఊరి బయట అత్తిబెలె వెళ్లే దారిలో ఉండేది. మడివాళ నుంచి బస్సులో నిలబడి వెళ్లి, క్లాసులో నిలబడి, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. అయినా క్లాసంటే నాకు ప్రాణం. ఒక డిసెంబరులో మా వీసీ సారు నన్ను పిలిపించి, తన తరఫున ఆ ఏడాది ఉత్తరం రాసిపెట్టమన్నారు. ఆయన కోలారు వైపు తెలుగాయన, బాటనీ మనిషి. చెట్ల గురించి గంటసేపు మాట్లాడమంటే మాట్లాడతారు గాని, ఉత్తరం రాయమంటే ఒళ్లు మంట. నేను ఒక పూటలో రాసిచ్చాను. ఆఖరి పనిదినాన ఆడిటోరియంలో ఆయన దాన్ని చదువుతుంటే లైబ్రేరియన్ గారు కళ్లు తుడుచుకున్నారు. నా కొంప ముంచింది అదే. కాస్త చెత్తగా రాసి ఉంటే బతికిపోయేదాన్ని. జనవరిలో నన్ను వీసీ ఆఫీసుకు మార్చారు, కొద్ది రోజులకే అన్నారు.

ఆ కొద్ది రోజులు ఆరేళ్లయ్యాయి. సారు గదిని ఆనుకుని నాకిచ్చిన గదికి కిటికీ ఉంది గాని అది జనరేటర్ వైపు. క్లాసుల గంట మాత్రం గోడలోంచి వినిపించేది. గంట కొట్టగానే నా చెయ్యి సుద్దముక్క కోసం టేబుల్ మీద తడుముకునేది, దొరికేది స్టాప్లర్. స్వాగతాలు, సంతాపాలు, అభినందనలు అన్నీ ఆయన మాటల్లో నేనే రాసేదాన్ని. కొత్త శతాబ్దానికి స్వాగతం పలికింది కూడా నేనే, ఆ గదిలోనే కూర్చుని. మా ఆయన మాత్రం "ఏసీ గది, సాయంత్రం ఆఫీసు కారు. దీనికీ ఏడుపేనా?" అనేవారు. కుడితిలో పడ్డ ఎలుకకు కుడితి చల్లగా ఉందని చెప్పినట్టు ఉండేది నాకు.

అడగలేదా అంటే, క్లాసుకు పంపమని ఏటా ఏప్రిల్లో సారుని అడిగేదాన్ని. "ఈ ఒక్క డిసెంబరు దాటిపోనీమ్మా. నీ మాదిరి రాసేవాళ్లు నాకు యాడుండారు? స్వల్ప అడ్జస్ట్ చేసుకో," అనేవారు. మంచి మనిషి, టీ తెప్పించి మరీ చెప్పేవారు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండేది కాదు.

ఆరో ఏడాది నవంబరులో మా డిపార్ట్‌మెంట్ హెడ్ కబురు చెప్పారు. నా క్లాసులు చెబుతున్న తాత్కాలిక లెక్చరర్‌ను జనవరి నుంచి పర్మనెంట్ చేస్తారట. అంటే నా చోటు నిండిపోతుంది, ఇక నేను చచ్చేదాకా ఆ జనరేటర్ పక్కనే. ఆ రోజు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

వీసీ సారుకి ఒక అలవాటు ఉంది. ఉత్తరాన్ని ముందుగా చదివేవారు కాదు. ఆడిటోరియంలో నేను కవరు అందిస్తే అక్కడే తెరిచి చదివేవారు, అంత నమ్మకం. ఆ డిసెంబరులో మూడో పేరాలో ఒక వాక్యం చేర్చాను: "ఆరేళ్లు నా కార్యాలయంలో తోడుగా నిలిచిన మన చరిత్ర అధ్యాపకురాలిని జనవరి నుంచి తిరిగి ఆమె తరగతికి పంపుతున్నందుకు సంతోషిస్తున్నాను."

కవరు అందించి వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఆయన ఎప్పటిలాగే గంభీరంగా చదువుకుంటూ వెళ్లారు, ఆ వాక్యమూ చదివేశారు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య ఆయన కళ్లు కాగితం మీద మళ్లీ పైకి వెళ్లాయి. చదివిందేమిటో అప్పుడు అర్థమైంది ఆయనకి. ఇది నేను రాయలేదు అనాలంటే, ఆరేళ్లుగా ఏదీ తాను రాయలేదని అందరి ముందూ ఒప్పుకోవాలి. తేలు కుట్టిన దొంగలా తర్వాతి పేరాలోకి వెళ్లిపోయారు. బయట టిఫినుకి చౌచౌ బాత్ పెట్టారు, ఒకే ప్లేటులో ఉప్మా, కేసరి. నేను ప్లేటుతో లైబ్రేరియన్ గారి వెనక నక్కాను.

మధ్యాహ్నం పిలిచారు. తిడతారనుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను.

"నన్ను భలే ఇరికిస్తివి గదమ్మా," అన్నారు.

"క్షమించండి సార్. వేరే దారి కనబడలేదు."

"ఉండనీలే. ఆర్డరు మీద సంతకం పెట్టేసినా, తీసుకో." కాగితం నా వైపు జరిపారు. "నేనూ పిల్లోళ్లకు బాటనీ చెప్పుకుంటా ఉండినోణ్ణే. రెండేండ్లకని ఈ కుర్చీలో కూర్చోబెట్టిరి. పదకొండేండ్లాయె. నన్ను ల్యాబుకు పంపిస్తామని ఒక లైను రాసి పోమ్మా. దాన్ని చదివేవాళ్లు ఎవురుండారో అది గూడా నువ్వే చెప్పు."

హాస్యమాడారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆర్డరు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఆరేళ్లు ఆయన నోటికి మాటలు అందించినదాన్ని, ఆ పూట ఒక్క మాట అందించలేకపోయాను. "పోతా పోతా తలుపు ఎయ్యమ్మా, ఆ జనరేటర్ మోత ఒగటి," అన్నారు. వేసి వచ్చేశాను.

జనవరిలో క్లాసుకు వెళ్లాను. పిల్లల ముందు నిలబడి నోరు తెరిస్తే మొదట వచ్చిన మాట, "గడిచిన ఏడాది మనమంతా కలిసి..." వాళ్లు బుద్ధిగా నోట్సులో రాసుకున్నారు కూడా. నా గొంతు నాకు తిరిగి రావడానికి వేసవి సెలవులదాకా పట్టింది.

ఆయన ఆ కుర్చీలోంచే రిటైరయ్యారు, ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. ఆ ఆరేళ్లూ నాకు పోయిన రోజులు నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. గోడకు అవతల ఇంకో మనిషికి అంతకు దాదాపు రెట్టింపు పోతున్నాయని ఒక్క రోజు కూడా తోచలేదు.