తెల్లటి చర్చి నుంచి తేక్కా బిరియాని కొట్టు దాకా

జూలై 12, శనివారం. తెల్లవారకముందే వాన పడి వెలిసింది. వంటింటి కిటికీ బయట వెదురు గడలకు బట్టలు ఆరేసి, మా మేనల్లుడు కిరణ్‌ను వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆఫీసు డబ్బు వాడుకున్న కేసులో శిక్ష ముగించుకుని మా ఇంటికి వచ్చాక వాడు గడప దాటడం మానేశాడు. జైల్లో వంట నేర్చుకున్నాడు. లిటిల్ ఇండియాలోని తేక్కా బజారులో బిరియాని కొట్టు నడిపే రాజు గారు, మా పాత పరిచయస్తులు, వంటకు మనిషి కోసం చూస్తున్నారు. జైలు సంగతి నువ్వే చెప్పాలన్నాను. చెబితే ఎవరు పెట్టుకుంటారని వాడి భయం. నేరుగా తీసుకెళ్తే వెనక్కి తిరుగుతాడని ముందు సిటీ హాల్ వైపు తీసుకెళ్ళాను.

మేముండే బిషాన్ నుంచి అక్కడికి రైలు మారనక్కర్లేదు, మనిషికి రెండు డాలర్లలోపే. స్టేషన్ పక్కనే తెల్లటి చర్చి. తెల్లదొరల కాలంలో మన ఇండియా నుంచి ఇక్కడికి ఓడల్లో తెచ్చిన ఖైదీలు కట్టినది. సున్నంలో గుడ్డు సొన, బెల్లం కలిపి గోడలకు పూశారట. దగ్గర్లోని బ్రాస్ బాసాలో వాళ్ళ జైలు ఉండేది, ఇప్పుడు లేదు. దాన్ని నడిపిన ఒక అధికారి గురించి లైబ్రరీలో చదివాను. ఖైదీలకు పనులు నేర్పించాడు, కాపలాకు కూడా ఖైదీలనే పెట్టాడు.

“పారిపోలేదా వాళ్ళు, మామయ్యా?”

“ఒకరిద్దరు పారిపోయే ఉంటారు. ఆయన మాత్రం ఆ పద్ధతి మానలేదు.”

ధోబీ ఘాట్ దాకా నడిచి, రైల్లో ఒక్క స్టేషన్ దాటి లిటిల్ ఇండియాలో దిగాం. కొట్టు ముందు నిలబడగానే కిరణ్ చెప్పేశాడు. “అంకుల్, నేను జైలుకెళ్ళొచ్చాను. డబ్బు కేసు.”

రాజు గారు గరిటె ఆపలేదు. “అక్కడ ఎంతమందికి వండేవాడివి?”

“వందల్లో, అంకుల్.”

“అయితే నా గిన్నె చూసి నవ్వుకుంటావు. చేతులు కడుక్కో.”

కాసేపటికి ఆయన, “ఐసు తెస్తా, కొట్టు చూస్కో” అని డబ్బుల డబ్బా మూత తెరిచే ఉంచి వెళ్ళిపోయారు. కిరణ్ నావైపు చూశాడు. నేను తల దించుకుని నా ముందున్న బిరియాని తిన్నాను. ఎవరో చికెన్ బిరియాని అడిగారు. వాడు వడ్డించి, చిల్లర ఇచ్చి, డబ్బా మూత పెట్టాడు.

ఆ అధికారి గురించి చదివినదంతా అర్థమైందని చెప్పలేను. వాడిని అక్కడే వదిలి ఒక్కడినే రైలెక్కినప్పుడు మాత్రం గుండెల మీద బరువు దిగింది. వెళ్ళేవాళ్ళు చర్చి ఉదయమే చూసుకుని, పన్నెండులోపు తేక్కా చేరండి. ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల ఆపుకోవచ్చు, పన్నెండు దాటితే దొరకదు.

ఇది రాస్తుంటే కిరణ్ ఫోన్. “మామయ్యా, రేపు ఆరింటికే రమ్మన్నారు. అలారం పెట్టు, నేను లేవలేను.” సరేనన్నాను. గడియారం ఎక్కడుందో చూసి, ఐదింటికి అలారం పెట్టాను.