లాజరు గుర్రం ఎడమ కాలు

లోకంలో ఏదైనా సరే, ఒక పక్కకు ఒరిగితే లాజరు ఓర్చుకోలేడు. సూర్యాపేటలో జట్కా తోలేవాడు. దారిలో ఏ హోటలు బోర్డో కాస్త వాలి కనిపిస్తే చాలు, బండి ఆపి, దిగి, దాన్ని సరిచేసి, వెనక్కి వచ్చి తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, అప్పుడు మళ్ళీ ఎక్కేవాడు. లోపల కూర్చున్నవాళ్ళకు బస్సు తప్పిపోతే అది వాళ్ళ గ్రహచారం. ఎదురొచ్చే మనిషి తలపాగా వంకరగా ఉన్నా ఊరుకునేవాడు కాదు. "ఓ తమ్మీ! రుమాలు ఒరిగింది. జర సూస్కో!" అని బజారు బజారంతా వినేలా కేకేసేవాడు.

జట్కాకు రెండే చక్రాలు. ముందు బరువెక్కువైతే గుర్రం మీద పడుతుంది, వెనక ఎక్కువైతే గుర్రాన్నే పైకి లేపుతుంది. అందుకని జట్కావాళ్ళందరూ కాస్త ముందుకు జరగండనీ వెనక్కి జరగండనీ అంటూనే ఉంటారు. లాజరు అంతటితో ఆగే రకం కాదు. బక్కవాళ్ళ కోసం బండిలో ఒక గుండ్రాయి ఉంచుకున్నాడు. నేను అప్పట్లో పేటలో బడిపంతుల్ని. మా ఇల్లూ అతని ఇల్లూ ఒకే వాడకట్టు. శనివారం వచ్చిందంటే మా ఊరు కోదాడ వెళ్ళడానికి అతని బండే ఎక్కి బస్సు దగ్గరికి పోవాలి.

"సారూ, గా రాయి ఒళ్ళె వెట్టుకో."

"రాయెందుకయ్యా?"

"అటుదిక్కు సేటు కూసున్నడు. నువ్వొక్కనివి సాలవు."

అలా రాతిని ఒళ్ళో పెట్టుకుని నేను పేట బజారులో ఊరేగేవాణ్ణి. మా బడి పిల్లలు ఎదురైతే నాకొక దండం పెట్టి, రాతికొక దండం పెట్టి పోయేవాళ్ళు.

ఈ ఒరుగుడు పిచ్చి అంతా ఒక ఎత్తు, గుర్రం కసరత్తు ఒక ఎత్తు. గుర్రం పేరు దొరసాని. దాని వెనక ఎడమ కాలు పట్టు తప్పిందని, అందుకే నడకలో ఒరుగుతోందని లాజరు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. పొద్దున్నే వాడకట్టు మధ్యలో వెదురుబొంగులు అడ్డంగా పరిచి, వాటి మీదుగా ఒక్కొక్క అడుగే వేయించేవాడు. ఊక బస్తాల మీద నిలబెట్టేవాడు. ఒక కాలు ఎత్తి పట్టి మూడు కాళ్ళ మీద ఉంచేవాడు. తోక పట్టుకుని మెల్లగా పక్కకు గుంజితే, గుర్రం పడకుండా తన్ని పట్టి నిలబడాలి. ఇది చూడటానికి జనం చాయ్ గ్లాసులు పట్టుకుని మరీ వచ్చేవాళ్ళు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అది. పల్లెల్లోని దొరలు చాలామంది పేటలోనే మకాం పెట్టిన రోజులు. ఒకనాడు కసరత్తు లాజరు దొడ్లో సాగుతుంటే, ఒక దొరగారి జీతగాడు గోడవతల నుంచి పోతూ, "దొరసానీ, కాలెత్తు! ఇంక జర ఎత్తు! తోక గుంజుతున్న, గట్టిగ నిలవడు!" అన్న కేకలు విన్నాడు. కర్ర తీసుకుని ఊగిపోతూ వచ్చాడు.

"మా దొరసాని పేరెత్తుతవురా?"

లాజరు నింపాదిగా గుర్రాన్ని బయటికి నడిపించుకొచ్చాడు. "మీ దొరసాని గిదేనా? మంచిగ సూసి చెప్పు."

జీతగాడు గుర్రాన్ని ఎగాదిగా చూసి, అటు అవుననలేక, ఇటు కాదని నవ్వలేక వెళ్ళిపోయాడు.

ఇంతకంటే విడ్డూరమేమిటంటే, ఈ కసరత్తుకు లాజరు తన అత్త సువార్తమ్మను తోడు తెచ్చుకోవడం. ఆమె మిర్యాలగూడలో ఉండేది. మేనత్తే అత్తగారయింది కాబట్టి అల్లుడనే మర్యాద ఏమీ లేకుండా తిట్టేది. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోతే లాజరు పేటకు తెచ్చుకున్నాడు. రోజూ నడిపించకపోతే కాలు ఇక రాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సువార్తమ్మ నడవనంది. వయసులో ఉండగా ఊళ్ళో ప్రతివాడి నడకనూ వెక్కిరించిన మనిషి ఆమె. "నేను కాలీడ్సుకుంట పోతే వాడకట్టంత నవ్వుతది. గడప దాటను" అని మూల కూర్చుంది. చర్చికి కూడా రానంది. ఆమె కాలు అట్లాగే బిగుసుకుపోతుందని వాడకట్టులో అందరికీ దిగులుగా ఉండేది.

లాజరుకు మాత్రం ఆమధ్యే పట్టుకున్న గుర్రం దిగులే. "అత్తా, దొరసాని బెదురుతున్నది. నువ్వు గొడ్లను సాకినదానివి. జర పక్కన నిలవడు" అని బతిమాలి బతిమాలి తెచ్చాడు. ఆమె గుర్రం వీపు మీద చెయ్యి వేసి, అతన్ని నోరారా తిడుతూ పక్కన నడిచేది. గుర్రం వెదురుబొంగు దాటితే ఆమె కూడా దాటాలి. గుర్రం ఊక బస్తా ఎక్కితే ఆమె కూడా ఎక్కాలి.

"నువ్వు ఎత్తితేనే అది ఎత్తుతది అత్తా. నిన్ను జూసి నేర్సుకుంటది."

"దానికి బుద్ధి లేదు, నీకు లేదు!" అంటూ ఆమె కాలెత్తేది. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. పక్షవాతం మనిషిని ఇలా హింస పెడతాడా అని నాకు లాజరు మీద ఒళ్ళు మండేది.

అంతలో జట్కా గుర్రాలను పరీక్షించే రోజు వచ్చింది. ఏటేటా పశువుల డాక్టరు బస్సుల దగ్గరున్న జట్కా అడ్డాకు వచ్చి, బాగున్న గుర్రాలకే పాసు ఇచ్చేవాడు. కుంటి గుర్రమని రాశాడా, ఆ బండి ఇక రోడ్డెక్కకూడదు. బండి రోడ్డెక్కకపోతే లాజరు ఇంట్లో పొయ్యి వెలగదు. అది శనివారం కావడంతో నేను కూడా బస్సు కోసం అక్కడే ఉన్నాను. సువార్తమ్మ గుర్రం మీద చెయ్యి వేసుకుని వెంట వచ్చింది. డాక్టరు ఏం చూస్తాడో తనే చూస్తానంది.

దొరసాని వంతు రాగానే, ఇంకో జట్కా తోలే మంగయ్య ముందుకొచ్చాడు. లాజరుకు సవారీలు ఎక్కువని అతనికి ఎప్పట్నుంచో కడుపుమంట.

"సార్, గా గుర్రానికి ఎనక ఎడమ కాలు ఖరాబు. వాడే ఊరంత చెప్పుకున్నడు."

"నిజమేనా?" అన్నాడు డాక్టరు.

లాజరు డాక్టరు వంక చూశాడు. అత్త వంక చూశాడు. నేను ఆగలేక, "బాగుందని చెప్పవయ్యా, పాసు పోతుంది!" అని చెవిలో అన్నాను.

"నిజమే సార్. ఎడమ కాలు బాగలేదు" అన్నాడు లాజరు.

డాక్టరు ఆ కాలు ఎత్తి చూశాడు, నొక్కి చూశాడు. పగ్గం పట్టుకుని గుర్రాన్ని అటూ ఇటూ పరుగెత్తించాడు. గుండ్రంగా తిప్పాడు, వెనక్కి నడిపించాడు. చివరికి చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"కుంటిదాన్ని బాగుందనే వాళ్ళను చాలామందిని చూశాను. బాగున్నదాన్ని కుంటిదనేవాణ్ణి నిన్నే చూస్తున్నాను. దీని కాలికి ఏనాడూ ఏ రోగమూ లేదు. ఇంద, పాసు!"

"ఉండె సార్. తక్కువైంది..." అని లాజరు గొణిగాడు.

"ఏనాడూ లేదంటుంటే!"

గుర్రాన్ని డాక్టరు తీసుకుపోయినప్పటి నుంచి సువార్తమ్మ చేతి కింద ఏమీ లేదు. అడ్డా మధ్యలో ఒక్కతే నిలబడి ఉంది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. ఒకసారి తన కాళ్ళ వంక చూసుకుంది.

"ఓరి లాజరూ, బాగలేని కాలు ఎవలదిరా?"

"గుర్రందే అత్తా."

"డాక్టరు లేదన్నడు."

"డాక్టరుకేం ఎర్కత్తా!"

"ఏమయ్యా!" అన్నాడు డాక్టరు.

"గిన్నొద్దులు నన్ను వాడకట్టు నడుమ తిప్పినవ్. అందరు నవ్విండ్రు గదరా!"

"గుర్రాన్ని జూసి నవ్విండ్రు అత్తా. నన్ను జూసి నవ్విండ్రు. నీ దిక్కెవలు సూడలే."

నిజంగానే, అన్నాళ్ళు అంతమందిమి చూసి కూడా ఆమె నడకను ఎవరమూ చూడలేదు. పక్కనున్న మంగయ్య ముఖం చూస్తే అతనికీ అంతేననిపించింది.

సువార్తమ్మ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

"బండెక్కు అత్తా, ఇంటికి పోదం."

"అబద్ధాలకోరు బండి నేనెక్కుతనా?" అని గిరుక్కున తిరిగి, రోడ్డు వెంట నడవడం మొదలుపెట్టింది. అడుగు మెల్లగానే పడుతోంది, కానీ పడుతోంది. దారిలో కనిపించినవాళ్ళందరికీ అల్లుడి అబద్ధాలు వినిపిస్తూ మరీ నడుస్తోంది.

లాజరు ఖాళీ బండి ఎక్కి, పగ్గం బిగబట్టి, ఆమె వెనకే అడుగులో అడుగు వేయిస్తూ తోలాడు. నేను కూడా కోదాడ బస్సు మాట మరిచి ఆ వెనకే నడిచాను. మార్కెట్టు మూల మీద బస్తాలతో నిలబడ్డ రైతొకాయన చెయ్యెత్తాడు.

"ఓ జట్కా! ఖాలీయేనా?"

"లేదు. సవారి ఉన్నది."

రైతు వంగి బండి లోపలికి తొంగి చూశాడు. "లోపటెవలు లేరు గదా?"

"లోపట లేదు పటేలా," అన్నాడు లాజరు ముఖమంతా నవ్వుతో, "ముంగట నడుస్తున్నది."