నేను అడుగుపెట్టని ఇల్లు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, శివరాత్రి వెళ్లిన వారంలో, పర్ణశాల అవతలి అడవి పల్లెలకు నన్ను పశువైద్యుడిగా వేశారు. కుటుంబం ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోనే ఉండిపోయింది. దవాఖానాకు వచ్చేవి ఎడ్లు, మేకలు. కుక్క కోసం నన్ను పిలిచినవాళ్లు లేరు. అందుకే ఒక గూడెంలో కుక్కపిల్లలు వరసగా చస్తున్నాయని కబురొస్తే వింతగా అనిపించింది.

వెళ్లి చూశాక అనుమానం మిగల్లేదు. పిల్లలు నీళ్ల చిప్ప మీదికి తల వంచి కూర్చున్నాయి. తాగడం లేదు. దాహం ఉంటుంది, మింగితే వాంతి అవుతుంది. పార్వో అనే వైరస్ సోకిన కుక్క అలా నీళ్లను చూస్తూ గంటలు గడుపుతుంది. తర్వాత నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఒకసారి పీల్చినవాడు మరిచిపోడు. ఈ వైరస్ పేగుల లోపలి పొరను పాడుచేసి, ఒంట్లోని తెల్లకణాలను పడగొడుతుంది. దాన్ని నేరుగా చంపే మందు మా దగ్గర లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, వేరే క్రిములు చొరబడకుండా యాంటీబయాటిక్ ఇచ్చి, కుక్క తనంతట తాను గట్టెక్కేదాకా నిలబెట్టడమే మా పని. ముందుగా వేయించే టీకా ఉంది గానీ అక్కడ ఏ కుక్కకూ పడలేదు.

అక్కడ కుక్కను ముచ్చటకు పెంచరు. అది ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారుతుండగానే ఆడవాళ్లు పువ్వు ఏరడానికి పోతారు. ఎలుగుబంటికీ ఆ పువ్వంటే ప్రాణం. కుక్క ముందు నడిచి, వాసన పట్టి మొరిగితేనే మనిషికి భద్రం. కిందటేడు పెద్ద కుక్కలను చిరుతపులి ఎత్తుకుపోవడంతో ఆ చుట్టుపక్కల మిగిలినవన్నీ ఏడాది నిండనివే.

కొంచెం దూరంలో పై గూడెం. అక్కడికి రోగం ఇంకా రాలేదు. ముందుజాగ్రత్తగా చూసి వద్దామని అదే పూట బయల్దేరాను. దారికి అడ్డంగా వేపమండలు కట్టిన తాడు కనిపించింది. పక్కన రోగం పడితే వాళ్లు అలా దారి మూసేస్తారు. తాడు విప్పేదాకా బయటివాళ్లు లోపలికి రాకూడదు. నేను నవ్వుకుని తాడు కింద నుంచి దూరాను. ఊరి పెద్ద కన్నయ్య ఆఫీసరును ఆపలేక పక్కకు తప్పుకున్నాడు. బూట్లు ఫినాయిల్ నీళ్లలో ముంచే వచ్చానన్న ధీమా నాది. రెండిళ్లలో కుక్కపిల్లలను ఒళ్లోకి తీసుకుని చిగుళ్లు చూశాను.

మూడో ఇంటి దడి దగ్గర ముత్తమ్మ అనే ముసలామె చేయి అడ్డం పెట్టింది. "లోపలికి రాకు సారూ. తాడు కట్టినంక నా కొడుకునే రానియ్యలే."

నేను డాక్టరునన్నాను.

"అవ్, ఎరుకనే. రోగం కాడికెల్లే గద వచ్చినవ్."

నాకు చిర్రెత్తుకొచ్చింది. రిజిస్టరులో "యజమానురాలు నిరాకరించింది" అని రాసి, మిగిలిన ఇళ్లు చూసుకుని వచ్చేశాను.

వారం తిరక్కుండా పై గూడెం నుంచి కబురు. మిట్టమధ్యాహ్నం వెళ్లాను. బండి చప్పుడుకు ఒక్క కుక్కా మొరగలేదు. మనుషులు గుమ్మాల్లో నిలబడి నన్ను చూస్తున్నారు, పలకరించడం లేదు. మొదటి ఇంట్లో చిప్ప మీద వంగిన తల. రెండో ఇంట్లోనూ అంతే. కేసులు రాసుకుందామని రిజిస్టరు తెరిచాను. కిందటిసారి నేను రాసుకున్న ఇళ్లే, అదే వరస. నేను దూరిన ప్రతి ఇంట్లోనూ రోగం ఉంది. ఎవరో నా వెనకాలే నడిచి, నేను తాకిన ప్రతి పిల్లనూ తాకి వెళ్లినట్టు అనిపించింది.

ముత్తమ్మ దడి దగ్గరికి రాగానే లోపలి నుంచి ఆమె కుక్క నా మీదికి మొరిగింది. ఊరంతటికీ అదొక్కటే గొంతు.

ఫినాయిల్‌కు పార్వో చావదు. బ్లీచింగ్ నీళ్లకు చస్తుంది. మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. బూటు అడుగున, ప్యాంటు అంచున, చేతి వేళ్ల మీద ప్రయాణం చేస్తుంది. ఇదంతా కాలేజీలో చదివినవాణ్నే. ఫినాయిల్ వాసన వస్తే చాలు, శుభ్రంగా ఉన్నాననుకునే అలవాటు. కంచే చేను మేసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రోగం తెచ్చింది నేనేనని కన్నయ్యతో చెప్పాను. ఆయన అన్నాడు: "మాకు ఎరుకైంది సారు. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే."

నాలుగు రోజులు అక్కడే ఉండి సెలైన్లు పెట్టాను. రెండు పిల్లలు బతికాయి. ఆ రోజుల్లో తెల్లవారుజామున ఊరి ఆడవాళ్లంతా ఒకే బారుగా ముత్తమ్మ కుక్క వెనక అడవిలోకి పోవడం చూశాను. మాటల్లేవు. కుక్క ఆగితే అందరూ ఆగేవాళ్లు. అది చెవులు రిక్కించి చెట్ల వైపు చూస్తున్నంతసేపూ ఎవరూ కదిలేవాళ్లు కాదు. వాళ్లు తిరిగొచ్చేదాకా నేను దారి వైపే చూస్తూ ఉండేవాణ్ని. ఆ సీజనుకు ఎవరికీ ఏమీ కాలేదు. అది నా గొప్ప కాదు.

ఆ తర్వాత మిగిలిన సర్వీసంతా నేను పాటించినవి ఇవి. రోగమున్న ఇంటిని అన్నిటికంటే చివర చూడాలి. బూట్లను ఫినాయిల్‌లో కాక, మట్టి కడిగి బ్లీచింగ్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టాలి. బట్టలు మార్చాలి. గడప దగ్గర ఎవరైనా ఆపితే ఆగాలి.