పెద్దమ్మకు వినిపించని వాన

మా పెద్దమ్మ పోయిందన్న మాట నేను చిక్కమగళూరులో, మా చెల్లెలి వంటింట్లో, చేతిలో దోసె ముక్క పట్టుకుని ఉండగా విన్నాను. ఫోన్ చేసింది పెద్దమ్మ కొడుకు. "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు. "యాడికి పోయింది?" అన్నాను నేను. నిజంగానే అలా అడిగాను. మూడు రోజుల కిందట నాకు కిటికీ పక్క సీటు ఇప్పించడానికి కండక్టరుతో పోట్లాడిన మనిషి పోవడమంటే సంతకో, కూతురింటికో పోవడమనే అనుకున్నాను. "రాతిరి సంగటి తిని పండుకుండె. పొద్దున లేపితే లేయల్యా అక్కా" అన్నాడు.

పెద్దకర్మ కూడా అయిపోయింది. అయినా నాకింకా నమ్మకం కుదరలేదు. ఇవాళ కూడా పొద్దున్నే లేచి, పక్క వాకిట్లో చీపురు చప్పుడు వినపడలేదేమా అనుకున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది.

నేను పుట్టి పెరిగింది చిక్కమగళూరు కొండల్లో, కాఫీ తోట కూలీలకిచ్చే లైను ఇళ్ళలో. కళ్యాణదుర్గం పక్కనున్న ఈ పల్లె నుంచి మా తాత ఒక కరువులో పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని అక్కడికి వలస పోయాడు. మళ్ళీ తిరిగి చూడలేదు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. తెలుగు రాయడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మా ఆయన చనిపోయి, లైను ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు, తాత వదిలేసిన మొండిగోడలు గుర్తొచ్చాయి. ఒక కుట్టుమిషను, ఒక పెట్టె తెచ్చుకుని మూడేళ్ళ కిందట ఇక్కడ దిగాను. సొంతూరికి వచ్చినావని అందరూ అన్నారు గానీ, ఆ సొంతూళ్ళో నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

ఆ గోడల ముందు నిలబడి, ఏడుద్దామా వెనక్కి పోదామా అని ఆలోచిస్తుంటే పక్కింట్లోంచి ఒక ముసలామె చీపురు పట్టుకుని వచ్చింది. పలకరింపు లేదు, ఊరూ పేరూ అడగడం లేదు. సరాసరి లోపలికి పోయి ఊడ్వడం మొదలుపెట్టింది. రాలిన కప్పు మట్టి, ముళ్ళకంప, మేకల పెంటికలు, అన్నీ గంపలకెత్తి పోసింది. నేను చీపురు అందుకోబోతే నెట్టేసింది. అంతా అయ్యాక నడుం పట్టుకుని నిలబడి, "నువ్వు మీ తాత మనవరాలివి కదమ్మే. ఆ ముక్కు ఈ వీధిలో ఇంగెవరికీ ల్యా" అంది.

అప్పుడు చెప్పింది ఆ సంగతి. "ఇంట్లో మనిషి ఊరికి పోతే, చేరినాడని తెలిసేదాకా ఆ ఇంట్లో చీపురు పెట్టకూడదు పాపా. ఊడిస్తే మనిషిని ఊడిసినట్టే. మీ తాత మా యమ్మ చేతికి బీగం చెవి ఇచ్చి, చేరినాక కార్డు రాపిస్తా అని చెప్పి పోయినాడు. రాపియ్యల్యా. మా యమ్మ సచ్చేదాకా మీ ఇంట్లో చీపురు పెట్టల్యా. నేనూ పెట్టల్యా. ఈ పొద్దు చేరినాడు మీ తాత."

తాతకు చదువు రాదు, కన్నడ దేశంలో తెలుగు కార్డు ఎవరి చేత రాయించాలో తెలియలేదేమో అని సర్దిచెప్పబోయాను. "నోరుండాది కదా అడగనీకి" అని ఒక్క మాటతో కొట్టిపారేసింది. ఆమె పుట్టిందీ మెట్టిందీ ఈ వీధిలోనే. మేనమామనే చేసుకుంది. వరస కలుపుకుని పెద్దమ్మా అన్నాను. "ఊ" అంది, అంతే.

నాకు అన్నం పెట్టింది కూడా ఆమే అనాలి. కప్పు వేయించుకుని దిగిన మొదటి నెల నా మిషను దగ్గరికి ఒక్కరూ రాలేదు. ఆమె నా చేత ఒక రవిక కుట్టించుకుని, తొడుక్కుని, వీధంతా తిరిగింది. ప్రతి ఇంటి ముందూ నిలబడి చెయ్యి పైకెత్తి, "చంక కింద పట్టేస్తాందేమో సూడండి! కొంచెమన్నా పట్టేస్తాందా?" అని అడిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. వారం తిరక్కుండా గుడ్డలు కుప్ప పడ్డాయి.

తిండి దగ్గర, మాట దగ్గర నన్ను ఏడిపించని రోజు లేదు. నా కాఫీని చేదునీళ్ళు అనేది, రెండు గ్లాసులు తాగేది. చినుకు పడని ఏడాది కూడా తెల్లారకముందే రెండు వాకిళ్ళూ, వాళ్ళదీ నాదీ, ఊడ్చి నీళ్ళు చల్లేది. తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం చూస్తున్నాం, ఈ చల్లడం ఎందుకంటే, "వాన రాల్యాదని వాకిలి ఊడ్సేది మానుకుంటామా?" అనేది. నాకు ఏ కష్టమొచ్చినా ఇప్పటికీ ఆ మాటే నోట్లోకి వస్తుంది.

మా కొండల్లో వాన మొదలైతే పది రోజులు తెరిపివ్వదని, ఇక చాలు తండ్రీ అని దేవుడికి మొక్కుకునేవాళ్ళమని నేను చెబితే లెంపలేసుకుంది. "వాననొద్దు అంటారా! కండ్లు పోతాయి మే!" అంది. ఆ రోజు నుంచి ఆమెకు అదొక పిచ్చి పట్టుకుంది. పది రోజుల వాన ఎలా ఉంటుంది, పశువులు ఎక్కడ పడుకుంటాయి, గుడ్డలు ఎట్లా ఆరతాయి, రేకుల మీద పడితే ఎంత చప్పుడు. నేను ఒకటికి రెండు చెప్పేదాన్ని. నమ్మేది కాదు.

మూడేళ్ళకు మొదటిసారి చెల్లెల్ని, స్నేహితురాళ్ళని చూసి రావడానికి బయలుదేరాను. ఆ పొద్దున ఇద్దరం మా ఇంటి పంచలో కూర్చుని వాళ్ళ చేనుకు శెనక్కాయలు ఒలుస్తున్నాం. మిషన్లో వేస్తే విత్తనం పగులుతుందని ఆమె చేత్తోనే ఒలిచేది. వాన జాడ లేకున్నా విత్తనం సిద్ధంగా ఉండాలి. అంతలో బస్సు హారన్ వినపడింది. పంచ నిండా పొట్టు. చీపురు తీసుకున్నానో లేదో చేతి మీద ఒక్కటేసింది.

"పోతా పోతా చీపురు పడతావా! బుద్ధుండాదా నీకు? అట్లే ఉండనీ. చేరినానని ఫోన్ చెయ్యి, అప్పుడు నేనే ఊడుస్తా" అంది. బస్సు దగ్గర కిటికీలోంచి మళ్ళీ చెయ్యి పట్టుకుంది. "మరిసేవు. ఆ వాన నాకు ఇనిపియ్యల్ల. ఫోను రేకుల కింద పెట్టు. నేనింటా."

ఆమెకు తన ఫోన్ మోగితే ఎత్తడం తెలుసు, చేయడం రాదు.

చిక్కమగళూరులో దిగేటప్పటికే కుండపోత. సాయంత్రం మా చెల్లెలింటి రేకుల కింద నా పాత స్నేహితురాళ్ళు నలుగురూ చేరారు. నేను కన్నడంలో ఏదో అడగబోయి "యాడ" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఇక్కడ పల్లెలో నన్ను కన్నడపామె అంటారు, అక్కడేమో ఆంధ్రా మనిషివైపోయావన్నారు. ఆ నవ్వుల్లో ఫోన్ మోగింది. చూశాను, పెద్దమ్మ కొడుకు నంబరు. వాన రేకుల మీద డప్పు కొట్టినట్టు కొడుతోంది. ఈ మోతలో ఏం వినపడుతుందిలే, తెరిపిచ్చాక చేద్దాం అనుకుని ఫోన్ బోర్లించి పెట్టాను.

ఆ మోత కోసమే ఆమె అడిగిందని నాకు ఆ క్షణంలో తట్టలేదు. సిగ్నల్ లేదని చెప్పుకోవచ్చు, అబద్ధం. మర్నాడు చెల్లెలి పిల్లలతో ఫోటోలు దిగి ఎవరెవరికో పంపాను. రేపు చేద్దాం అనుకున్నాను. మూడో రోజు మరిచే పోయాను. మా తాతకైనా అక్షరాలు రావు. నా చేతిలో ఏం లేదని చేయలేదు?

నాలుగో రోజు పొద్దున దోసె అక్కడే వదిలేసి బస్సెక్కాను. చిత్రదుర్గం దాటే సరికి వాన ఆగిపోయింది, చెళ్ళకెర దాటే సరికి నేల ఎర్రగా ఎండిపోయి కనిపించింది. ఊరు చేరేటప్పటికి సాయంత్రమైంది. మట్టి చేసి అందరూ వెనక్కి వచ్చేశారు. ఆఖరి చూపు కూడా నాకు దక్కలేదు. పెద్దమ్మ కొడుకు గడప దగ్గర కూర్చుని ఉన్నాడు.

"అక్క చేరింటాదిలేమ్మా అని ఎంత చెప్పినా ఇనల్యా అక్కా" అన్నాడు. "ఫోన్ వచ్చింది, నాకే చేసింది అని అబద్ధం కూడా చెప్పినా. నాకు చేయకుండా నీకెట్ల చేస్తాది అనింది. వాన ఇనిపిస్తా అన్యాది కదా అని మూడు దినాలూ ఫోన్ ఒళ్ళోనే పెట్టుకుండె."

మా ఇంటి వైపు నడిచాను. మా పంచలో, నేను కూర్చున్న చోట, వాళ్ళ పెద్ద గంప బోర్లించి ఉంది. దాని మీద ఒక రాయి.

"గాలి ఎక్కువుండాదని ఆ పొద్దే బోర్లించింది" అన్నాడతను వెనక నుంచి. "ఎందుకమ్మా అంటే, గాలి ఊడ్సినా ఊడ్సినట్టే కదరా అనింది."

గంప ఎత్తి చూశాను. ఇద్దరం ఒలిచిన పొట్టు, ఆమె వైపు కుప్పగా, నా వైపు చిందరవందరగా, వదిలి వెళ్ళినట్టే ఉంది. పక్కనే గోడకు ఆమె చీపురు. చేరాను పెద్దమ్మా అని పైకే అన్నాను. గంపను మళ్ళీ అలాగే బోర్లించి రాయి పెట్టాను. వీధిలో వాళ్ళు నన్ను లోపలికి తీసుకుపోయారు.

ఇది రాస్తూ తలెత్తి చూస్తే పంచ కనిపిస్తోంది. ఇల్లంతా ఊడ్చాను, రెండు వాకిళ్ళూ ఊడ్చి నీళ్ళు చల్లాను. అదొక్కచోట నా చేతికి చీపురు రావడం లేదు. ఇవాళ కూడా గాలి విపరీతంగా ఉంది. గంప అలాగే బోర్లించి ఉంది, దాని మీద ఆమె పెట్టిన రాయి కూడా.