నిదానం చేతికొచ్చిన మైకు

కళ్ల డాక్టరు గోడమీది అక్షరాలు చదవమన్నాడు. నిదానం గడగడా చదివేశాడు. చిక్కేమిటంటే, ఆయన చదివిన అక్షరాలు గోడమీద లేవు. కిందటి రెండుసార్లూ వరుసలో ముందున్నవాళ్లు చదువుతుంటే విని, అదే అప్పజెప్పి గట్టెక్కాడు. ఈసారి అట్ట మార్చారు. డాక్టరు తల ఎత్తకుండానే "మీరు చదివింది పోయినేడాది అట్టండీ" అని, కాగితం మీద రెండు ముక్కలు రాసిచ్చాడు. ఇరవై రెండేళ్ల డ్రైవరు ఉద్యోగం ఆ రెండు ముక్కలతో సరి.

నిదానం అసలు పేరు కంపెనీ హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన యాత్రల బస్సు నడిపేవాడు. బ్రేకు తొక్కితే వెనక సీట్లో నిద్రపోతున్న పసిబిడ్డ కూడా ఉలిక్కిపడేది కాదు, ఆ పేరు అలా వచ్చింది. మూడు రోజుల యాత్ర. మొదటి రోజు కోట, రెండో రోజు ఒక సినిమా తీసిన మేడ, మూడో రోజు ఒక పాటగాడి సమాధి. వేలమందిని అక్కడ దింపాడు గానీ, ఆ మూడింటిలో దేని గడపా ఆయన తొక్కలేదు. జనం దిగగానే అద్దాలు తుడిచి, టైర్లు ఓసారి తన్ని చూసి, సీట్లోనే ఒరిగేవాడు. కోట అంటే ఆయనకి మధ్యాహ్నం దాకా నీడ ఉండే పార్కింగు. సినిమా మేడ అంటే బస్సు తిప్పడానికి చోటు చాలని సందు. సమాధి అంటే కుక్కలు ఎక్కువగా ఉండే మలుపు.

అదే నెలలో పాత గైడు ఇంకో కంపెనీకి చెక్కేశాడు. ఓనరు నిదానాన్ని పిలిపించాడు. తండ్రి పోయాక కుర్చీలోకి వచ్చిన కుర్రాడు, మర్యాదస్తుడే. ఈ ఒక్క యాత్రకి మైకు పట్టుకోమన్నాడు. ప్రయాణికులు బాగుందంటే గైడు సీటు ఆయనదే. లేదంటే ఇక ఇంటి దగ్గర హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చన్నాడు. ఆ విశ్రాంతి అన్న మాటని కుర్రాడు ఎంత గౌరవంగా పలికాడంటే, ఎవరో దుప్పటి కప్పి లైటు ఆర్పేసినట్టు అనిపించింది నిదానానికి.

మాటల గురించి ఆయనకి బెంగలేదు. గైడు ఉపన్యాసం ఇరవై రెండేళ్లుగా చెవిలో పోసుకున్నవాడు. ఇంటికెళ్లి పెళ్లాం ముందు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆవిడ గిన్నెలు తోముతూ అంతా విని, ఒక్క సందేహం అడిగింది.

"అంతా బాగానే ఉంది. మధ్యలో ఆ దగ్గెందుకు?"

"అది నాది కాదు. గైడుది."

డ్రైవరు సీట్లోకి బామ్మర్ది వచ్చాడు. పెళ్లానికి తమ్ముడు, అదే కంపెనీలో రెండో బస్సు నడిపేవాడు, నోటికి బ్రేకులు లేనివాడు. బావ ఎక్కీ ఎక్కగానే అందుకున్నాడు. "ఇన్నాళ్లూ నా వెనక మాట్లాడేవాడివి బావా. ఇవాళైనా మైకులో మాట్లాడు, నేనూ వింటాను."

నిదానం ప్రయాణికుల వైపు తిరిగి నిలబడి నమస్కారం చెప్పాడు. మొత్తం ఇరవై ఎనిమిది మంది. రాజుగారి తాతతో కథ మొదలైంది. పది నిమిషాలకి ఆగిపోయింది.

బామ్మర్ది కొత్త రోడ్డు ఎక్కాడు. చీర పరిచినట్టున్న రోడ్డు, ఒక్క వంపు లేదు. నిదానం తలలో కథంతా పాత దారికి తగిలించి ఉంది. ఇటుక బట్టీ దగ్గర రాజుగారు పుట్టాలి. రైల్వే గేటు దగ్గర మొదటి యుద్ధం. జంట గుంతల దగ్గర కోట ముట్టడి. దిగుడులో రాణిగారి చావు. బట్టీ రాలేదు, రాజు పుట్టలేదు. పైగా దారికి వీపు పెట్టి నిలబడ్డాడేమో, ఎదురుగా రావలసిందంతా వెనక్కి పోతోంది. ఏదో ఒకటి అనాలి కదా అని యుద్ధం చేయించాడు, రాజుని చంపాడు, ఆ తరవాత పట్టాభిషేకం చేశాడు.

మూడో వరుసలో లెక్కల టీచరమ్మ ఒకావిడ ఉంది, ఈమధ్యే రిటైరైంది. "ఏమండీ, పోయినాయనకి కిరీటం ఎలా పెట్టారు?" అని అడిగింది. బస్సంతా నవ్వింది. బామ్మర్ది నవ్వలేదు గానీ, అద్దంలో వాడి మీసం కదిలింది.

కోట దగ్గర ఇంకా అన్యాయం. ఇరవై రెండేళ్లుగా దూరం నుంచి చెయ్యి ఊపే గేటు కాపలావాడు నిదానాన్ని ఎగాదిగా చూసి, బస్సు ఇక్కడ కాదు, అటుంది అన్నాడు. లోపల అన్ని గోడలూ ఒక్కలాగే ఉన్నాయి. రాతి మీద రాజు పేరు చెక్కారు, రాయి మోసినవాడి పేరు ఎటూ చెక్కరు, కనీసం దారి ఎటో బాణం గుర్తయినా చెక్కి ఉంటే బాగుండేది. నిదానం ఎడమకి తిరిగాడు, మెట్లు దిగాడు, ఒక చీకటి నడవ దాటాడు, ఇరవై ఎనిమిది మందితో సహా కోట వెనక డ్రైవర్లు నీళ్లు పట్టుకునే కొళాయి దగ్గర తేలాడు. కోట మొత్తంలో ఆయనకి తెలిసిన చోటు అదొక్కటే, కాళ్లు అక్కడికే లాక్కొచ్చాయి. అందరూ కొళాయిని చూశారు. ఎవరో మొహమాటానికి దాన్ని ఫొటో కూడా తీశారు.

సాయంత్రం బయల్దేరిన ఊరికే తిరిగొచ్చాక, లాడ్జి మెట్ల మీద బావా బామ్మర్దీ పక్కపక్కన కూర్చున్నారు. కొత్త రోడ్డు పడ్డ దగ్గర్నుంచి, దాని మీద వెళ్లమని బామ్మర్ది చెప్పడం, నీ సలహాలు నీ బస్సుకి చెప్పుకోమని నిదానం అనడం మామూలే. అలాంటి మనిషి ఇప్పుడు వాణ్ణి అడగాలి. అడక్కపోతే విశ్రాంతి. గొంతు సవరించుకున్నాడు.

"రేపు పాత దారిన పోనియ్."

"గంట ఎక్కువ పడుతుంది బావా. పైగా అన్నీ గుంతలు."

"ఆ గుంతలే కావాలి నాకు."

"ఏం, వాటికి కూడా చరిత్ర ఉందా?"

"ఆ మాటలు నాకు రావురా. దారికి వచ్చు. నేను దాని వెనకాల అనుకుంటూ పోయేవాణ్ణి, అంతే."

బామ్మర్ది నోట్లో ఇంకో మాట సిద్ధంగా ఉంది, కానీ బావ మొహం చూసి దాన్ని మింగేశాడు. ఆలస్యమైతే ఓనరు తనని పీకుతాడని మాత్రం గొణిగాడు. నా మీదికి తోసెయ్ అన్నాడు నిదానం.

మర్నాడు ఆయన నిలబడలేదు. డ్రైవరు పక్కన మడత సీటు దించుకుని, జనానికి వీపు పెట్టి, దారి వైపు కూర్చున్నాడు. దూరంగా ఏమీ కంటికి ఆనడం లేదు. కానీ బస్సు కుదిపిన కుదుపు ఆనింది, గేరు మారిన చప్పుడు ఆనింది. బామ్మర్ది ఎప్పుడూ లేనిది నెమ్మదిగా నడిపాడు. మేడకి పాత దారి కూడా మొదట ఆ ఇటుక బట్టీ మీదుగానే. ఒక్కో మలుపూ వచ్చి దాని మాట అది అందించి పోయింది. రాజుగారిని మళ్లీ పుట్టించి, ఈసారి వరసలో చంపాడు. మేడ కథ అందుకున్నాడు. గైడు ఊపిరి తీసుకునే చోట ఖాళీ ఉండకూడదని తనవీ కలిపాడు. ఈ వంతెన మీద వరదకి ఆరు గంటలు ఆగిపోయాం, బస్సులోనే ఒకావిడ ప్రసవించింది, ఆ బిడ్డకి ఇప్పుడు పదహారేళ్లు ఉంటాయి అన్నాడు. వెనక నవ్వులు ఆగాయి. ఇంకా చెప్పండి అన్నారెవరో.

సినిమా మేడ దగ్గర కోటకంటే పొడుగు వరుస. కోటలో ఎంతమంది చచ్చారో ఎవరికీ అక్కర్లేదు, ఇక్కడ మెట్ల మీంచి ఒక హీరో మూడు నిమిషాలు పాడుతూ దిగాడు, అది చాలు. నిదానం గేటు ముందు మైకు ఆపేశాడు.

"నిన్న మిమ్మల్ని కొళాయికి తీసుకెళ్లాను. నాకు లోపల తెలీదండీ. ఇరవై రెండేళ్లూ బయటే ఉన్నాను. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నేనూ వింటాను."

టీచరమ్మ సంచి భుజాన వేసుకుని ముందుకొచ్చింది. ఆ సినిమా పదకొండుసార్లు చూశానని, అందులో రెండుసార్లు బడి ఎగ్గొట్టి చూశానని, అప్పటికే తను టీచరునని చెప్పింది. ఆవిడ ముందు, అందరూ వెనక, అందరి వెనకా నిదానం.

మెట్లు పద్నాలుగే. సినిమాలో కొండంత కనిపించాయట. మెట్ల పక్క చేతిపట్టీకి వేసిన ఆకుపచ్చ రంగు పై నుంచి కింద దాకా అరిగిపోయి, లోపలి చెక్క తేలింది. నిదానం చెయ్యి వేసి చూశాడు. నున్నగా ఉంది. ఇంత అరిగిందంటే ఎన్ని చేతులు పడి ఉండాలి, అందులో తను మోసుకొచ్చిన చేతులెన్ని అని లెక్కవేయబోయి, ఊరుకున్నాడు. వెనక నుంచి జనం తోస్తున్నారు. చెయ్యి తీయకుండా కింద దాకా దిగాడు.

మూడో రోజు సమాధి కూడా అలాగే చూసి అందరూ తిరిగొచ్చాక, ఓనరు అభిప్రాయాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. రెండో రోజు నుంచీ ప్రతిచోటికీ గంట ఆలస్యమని ఐదుగురు రాశారు. గైడు మొహం చూడలేదని ఒకరు. వంతెన మీద పుట్టిన బిడ్డ ఆడా మగా అని ఇంకొకరు. టీచరమ్మ రాజుగారి తేదీలన్నీ దిద్ది, కింద మళ్లీ వస్తానని రాసింది.

"లోపలేమీ తెలీదని మీరే చెప్పారట?" అన్నాడు ఓనరు.

"చెప్పాను. తెలీదు."

"ఎన్నాళ్లలో తెలుస్తుంది?"

"నాలుగైదుసార్లు లోపలికి వెళ్తే పట్టుబడుతుంది."

కుర్రాడు పుస్తకం మూశాడు. గంట ఆలస్యం అంటే బాగుండదని, పాతదారి యాత్ర అని పేరు పెడితే జనం దాన్నే కావాలని అడుగుతారని అన్నాడు. సొంత తెలివికి తనే మురిసిపోయాడు. హాజరుపట్టీ తెరిచి, డ్రైవర్ల వరుసలో ఒక పేరు కొట్టేసి, కింద గైడని రాసి అదే పేరు మళ్లీ రాశాడు. గురువారం బస్సుకి రమ్మన్నాడు.

సంతకం ఎక్కడ పెట్టాలో నిదానానికి ఆనలేదు. ఓనరు వేలు పెట్టి చూపించాడు. ఆ వేలి పక్కనే పెట్టాడు.