అక్క కట్టిన ఫీజు

ఈ మధ్య పొద్దుటూరులో మా ఇంటి మీటరు బోర్డు మార్పించాను. ఎలక్ట్రీషియను పాత పింగాణీ ఫీజులు ఊడదీసి నా చేతిలో పెట్టి, "ఇంగ వీటితో పన్లేదు సార్. కరెంటు పోతే ఈ మీట పైకెత్తడమే" అన్నాడు. ఒకదాన్లో తీగ ఇంకా బిగువుగానే ఉంది. గోటితో గీకితే తగరం పూత లేచి, అడుగున రాగి ఎర్రగా కనబడింది. నాకు మా అక్క గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటే, అంతకుముందు చాలా నెలలుగా గుర్తు రాలేదనే అర్థం. రాయడానికి సిగ్గుగానే ఉంది.

అక్కను కొండాపురం పక్క పల్లెకు ఇచ్చారు. ఆ పల్లె ఇప్పుడు గండికోట రిజర్వాయరు నీళ్ల అడుగున ఉంది. నా సెలవులన్నీ అక్కడే గడిచేవి. పొద్దు గూకి ఊరంతా లైట్లు వేసేసరికి ఎవరో ఒకరింట్లో ఫీజు పోయేది. మా బావ పామును చూసి కూడా బెదరని మనిషి, కరెంటంటే మాత్రం వాకిలి దాటి లోపలికి వచ్చేవాడు కాదు. అక్కే మెయిన్ ఆపి, పింగాణీ ముక్క ఊడబెరికి, మసిని కొంగుతో తుడిచి, ఒంటి పోగు తీగ చుట్టి బిగించేది. తీగ చుట్ట పోపుల పెట్టెలో ఆవాల పక్కన ఉండేది. అందుకే నా మనసులో కరెంటుకు ఇప్పటికీ ఇంగువ వాసనే.

ఆ తీగ ఫీజుకే పరిమితం కాలేదు. తగరం పూత ఉంది కాబట్టి చిలుము పట్టదని అక్క దాన్ని అన్నిటికీ వాడేది. బావ కళ్లద్దాల కాలు, జల్లెడ అంచు, తాళంచెవుల గుత్తి, నా చెప్పులో బొటనవేలు దూర్చే ఉంగటం, అన్నీ దానితోనే నిలబడ్డాయి. ఒకసారి తాళిబొట్టు గొలుసు కొక్కెం ఊడితే దానికీ అదే తీగ కట్టుకుంది. బావ ఊరుకుంటాడా? "సూడు బామ్మర్దీ, మీ యక్క మెళ్లో నేనుండేది కూడా ఫీజు వైరు మీదనే. పొద్దుటూరు బంగారంగళ్లోళ్లు ఈమెను చూస్తే అంగళ్లు మూసుకోని పోతారు" అనేవాడు. "తెగితే నీకే నష్టం, నాకేంది?" అనేది అక్క, పప్పులో తిరగమాత పెడుతూ.

మాటిమాటికీ పోకుండా రెండు పోగులెయ్యమని నేను పోరేవాణ్ణి. నాకు దేనికీ ఆగే ఓపిక ఉండేది కాదు, ఇప్పటికీ లేదు. అక్క ఒప్పుకునేది కాదు. "తీగ పోతే పోనీరా. అది పోయేదే ఇల్లు కాలకుండా ఉండేదానికి" అనేది.

ఊళ్లో ఎవరింట్లో చీకటైనా ముందు అక్కకే కేక వినబడేది. "వదినా, మా ఫీజు పోయింది!" వంట మధ్యలో ఉన్నా తీగ పట్టుకుని వెళ్లేది. ఆమె ఫీజు కట్టేదాకా ఆ ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు, వెంట వెళ్లిన నేను చీకట్లో అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లం.

నీళ్లొచ్చి ఊరు ఖాళీ అయ్యాక వాళ్లు పునరావాస కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. జమ్మలమడుగు మీదుగా బస్సుంది. నేను వెళ్లలేదు. ఎండ అన్నాను, మోకాలు అన్నాను. బోర్డు మార్చిన రోజు ఫోను చేస్తే, "ఎవురప్పా మాట్లాడేది?" అంది, గొంతు గుర్తుపట్టే. రేపు వస్తానన్నాను. "రేపంటే ఏ సంవత్సరం రేపు?" అంది.

మర్నాడే వెళ్లాను. మాటల్లో ఉండగా ఇంట్లో ఫ్యాను ఆగి, లైటు ఆరిపోయింది. అక్క చేతిలోని చాట పక్కన పెట్టి లేవబోయింది. అంతలో బావ గోడ దగ్గరికి వెళ్లి ఒక్క వేలితో మీట ఎత్తాడు. లైటు వచ్చింది. "ఇప్పుడు మీ బావే లైన్‌మ్యాను" అని అక్క నవ్వింది. మళ్లీ కూర్చుని, చాట ఒళ్లోకి తీసుకుంది. "నన్ను ఎవురూ పిలవరప్పా ఇప్పుడు. శానా సుఖంగా ఉండాది" అంది.

ఆమె చాటలో కందిపప్పు కదుపుతూనే ఉంది, ఏరడానికి రాళ్లేమీ లేకపోయినా.

"బస్సుకు టైమైంది, పోతావేమో" అంది కాసేపటికి.

"నాకు నీ చేతి సంగటి కావాలక్కా. చేస్తావా?"

"సూడు వీడు! పొద్దున్నే చెప్పింటే రాగిపిండి విసిరిపెట్టి ఉందును కదరా" అని కసురుకుంటూ లేచింది. నేను రాత్రికి అక్కడే ఉండిపోయాను.

ఆ పల్లెలో ఫీజు పోయి మళ్లీ లైటు రావడానికి పట్టే ఆ కాసేపట్లోనే మేమందరం ఒకరి దగ్గర ఒకరం కూర్చున్నాం. మిగిలిన కాలమంతా వెలుతురులోనే గడిచింది, ఎవరు ఎక్కడున్నారో చూసుకోకుండానే.